ముసలి రోడియో రైడర్ కథ రాస్తున్నారా? ముందు లెక్కల పుస్తకం తెరవండి

రోడియో అంటే అమెరికన్ కౌబాయ్‌లు పొగరుబోతు గుర్రాలూ ఎద్దులూ ఎక్కి, పశువులకు తాడు వేసి పోటీపడే ఆట. రోడియో రైడర్ మీద సినిమా రాయాలని కూర్చున్న ప్రతివాళ్లూ మొదట రాసేది చివరి రైడ్. గేటు తెరుచుకుంటుంది, గుర్రం గాల్లోకి లేస్తుంది, స్టాండ్స్‌లో భార్య కళ్లు మూసుకుంటుంది. స్క్రిప్టు అక్కడే కుంటడం మొదలుపెడుతుంది. రైడ్ అంటే జంతువు మీద పడకుండా నిలవాల్సిన ఎనిమిది సెకన్లు. రెండు గంటల సినిమాలో మూడు రైడ్లు పూర్తిగా చూపించినా అరనిమిషం నిండదు. మిగతా కథంతా ట్రక్కులో, వంటింట్లో, పెట్రోలు బంకుల్లో, ఎక్స్‌రే గదుల్లో నడవాలి. అది నడవాలంటే ఈ మనిషికి వారానికి ఎంత ఖర్చవుతోంది, ఎంత వస్తోంది, ఆ తేడా ఎవరి జేబులోంచి పూడుతోంది అన్నది రాసేవాళ్లకు పైసలతో సహా తెలియాలి. ఇంట్లో గొడవలు అందులోంచే పుడతాయి, విడిగా కల్పించక్కర్లేదు.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌లోని కౌటౌన్ కొలీజియంలో వారాంతాల్లో రోడియో జరుగుతుంది. ఇండోర్ రోడియో మొదట జరిగింది 1918లో అక్కడే. ఒక టికెట్ కొనుక్కుని, రైడ్లు చూడటం మానేసి చ్యూట్ల వెనక, అంటే రైడర్ జంతువెక్కే ఇరుకు ఇనుప గదుల వెనక జరిగేది చూడండి. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్లు మాత్రం కింద రాసింది కాస్త ఓపిగ్గా చదవాలి.

ఏ పోటీ, ఏ వయసు

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. "రోడియో" అనగానే ఎద్దు ఎక్కించేస్తారు. ఎద్దుల మీద స్వారీ ఇరవైల్లో ఉన్నవాళ్ల ఆట. రెండుసార్లు పీబీఆర్ (ప్రొఫెషనల్ బుల్ రైడర్స్) ప్రపంచ ఛాంపియన్ అయిన జె.బి. మూనీ 2023 సెప్టెంబరులో మెడ విరిగి ఆట మానేసేనాటికి అతని వయసు 36. ఆ రంగంలో అప్పటికే అతన్ని పెద్దవాడి కింద లెక్కేసేవారు. ఇంకో ముచ్చట: ఆ రోజు అతన్ని పడేసిన ఎద్దు తర్వాత అతని దగ్గరికే చేరింది. ఇలాంటిది కల్పించి రాస్తే అతిగా ఉందని నిర్మాత కొట్టేస్తాడు.

అదే శాడిల్ బ్రాంక్, అంటే జీను వేసిన పొగరుబోతు గుర్రం మీద స్వారీ అయితే వయసు కొంచెం సాగుతుంది. బిల్లీ ఎట్‌బావర్ 2004లో అయిదోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యేటప్పటికి 41 ఏళ్లవాడు. ఇక్కడ బలం కంటే లయ, పట్టు కంటే అంచనా ఎక్కువ పనిచేస్తాయి. కాబట్టి మీ పాత్రకు 43 ఏళ్లు ఇచ్చి బ్రాంక్ రైడర్ని చేస్తే తెలిసినవాడు కూడా నమ్ముతాడు. 50 దాటించాలంటే నలభై పైబడ్డవాళ్ల కోసం విడిగా ఉన్న సీనియర్ రోడియోల్లోకి పంపండి, లేదా టీమ్ రోపింగ్‌లోకి మార్చండి.

టీమ్ రోపింగ్‌ని మామూలుగా ఎవరూ కథల్లో వాడుకోరు, అది పెద్ద నష్టం. ఇద్దరు రైడర్లు రెండు గుర్రాల మీద ఒక కోడెను తరుముతారు. ఒకడు కొమ్ములకు తాడు వేస్తాడు, రెండోవాడు వెనక కాళ్లకు వేస్తాడు. ఒక కాలే పడితే అయిదు సెకన్లు జరిమానా, కోడెకు ఇవ్వాల్సినంత దూరం ఇవ్వకుండా తమ ముందున్న అడ్డుతాడు తెంపుకుని దూకితే పది సెకన్లు. ఇది డెబ్బై ఏళ్లవాళ్లు కూడా ఆడతారు. తాడు వేశాక దాన్ని జీను కొమ్ముకు చుట్టాలి. ఆ చుట్టులో బొటనవేలు ఇరుక్కుంటే తెగిపోతుంది. బొటనవేలు లేని తాత పాత్ర ఒకటి రాస్తే అతని గతం గురించి ఒక్క డైలాగు కూడా అక్కర్లేదు. కాఫీ కప్పు పట్టుకునే తీరు చాలు. తండ్రీ కొడుకులు మాట్లాడుకోరు గానీ జోడీగా తాడు వేస్తారు అన్న సీను ఎవరికైనా చేతికందే దూరంలో ఉంది. ఎందుకో ఎవరూ తీసుకోరు.

ఎద్దు తప్పదనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ ఎద్దుల్లో చాలావాటికి ఉండే మూపురం బ్రాహ్మన్ రక్తంలోంచి వచ్చింది. అమెరికన్ బ్రాహ్మన్ జాతి తయారైంది మన దేశం నుంచి వెళ్లిన పశువులతో. అందులో నెల్లూరు పేరుతో ఓడెక్కిన మన ఒంగోలు జాతి కూడా ఉంది. కథలో దీన్ని ఇరికించొద్దు. కానీ ఎద్దు నడకను, చెవుల వాలును, మెడ కింద గంగడోలును వర్ణించేటప్పుడు మీకు పరాయి జంతువు అనిపించక్కర్లేదు.

ఒక వారాంతం జమాఖర్చు

రోడియో రైడర్‌కి జీతం లేదు. ప్రతి పోటీకి ఎంట్రీ ఫీజు తానే కట్టుకోవాలి. గెలిస్తే డబ్బు, లేకపోతే లేదు. గెలిచిన ప్రతి డాలరూ ర్యాంకుల పట్టికలో ఒక పాయింటు. సీజన్ అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. ఆ పట్టికలో ఒక్కో పోటీకి మొదటి 15 మంది డిసెంబరులో లాస్ వేగాస్‌లో జరిగే నేషనల్ ఫైనల్స్‌కి వెళ్తారు. మీ పాత్ర ఒకప్పుడు ఆ పదిహేనులో ఉండి ఉండొచ్చు. ఇప్పుడు మాత్రం వారమంతా వేరే పని చేసి శని ఆదివారాలు చుట్టుపక్కల రోడియోలు తిరిగే మనిషి. దేశాన్ని 12 ప్రాంతీయ సర్క్యూట్లుగా విడగొట్టింది ఇలాంటివాళ్ల కోసమే.

ఇక కాగితం తీసుకోండి. కింది అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ కథకు తగ్గట్టు మార్చుకోండి, కానీ ఏదో ఒక అంకె వేయకుండా ముందుకు కదలొద్దు.

రానూపోనూ 600 మైళ్లు, అంటే దాదాపు 965 కిలోమీటర్లు. పాత పికప్ గ్యాలన్‌కు 15 మైళ్లు ఇస్తే 40 గ్యాలన్లు. గ్యాలన్ మూడున్నర డాలర్ల చొప్పున 140. తోడు వచ్చే ఇంకో రైడర్‌తో పంచుకుంటే 70. రెండు ఊళ్లలో రెండు ఎంట్రీలు, ఒక్కోటి 150 అనుకుంటే 300. మోటెల్‌లో సగం 45. తిండి 60. మొత్తం 475 డాలర్లు.

వచ్చేది చూద్దాం. బహుమతి మొత్తం 6,000 డాలర్లు అనుకోండి. ఆరు స్థానాలకు పంచితే వరసగా 29, 24, 19, 14, 9, 5 శాతం. అంటే మొదటి స్థానానికి 1,740, అయిదో స్థానానికి 540, ఆరో స్థానానికి 300. మనవాడు ఒక ఊళ్లో కిందపడ్డాడు, రెండో ఊళ్లో అయిదోవాడుగా నిలిచాడు. చేతికి 540 వచ్చింది, ఖర్చు 475, మిగిలింది 65. ఇంటికొచ్చి నవ్వుతూ ఆ నోట్లు టేబుల్ మీద పెడతాడు. కానీ శుక్రవారం పనికి పోలేదు, 180 డాలర్ల కూలి పోయింది. అంటే "గెలిచి" 115 డాలర్లు పోగొట్టుకున్నాడు. ఆ 180 సంగతి అతను లెక్కలో కలపడు. భార్య కలుపుతుంది. మొదటి అంకంలో మీకు కావలసిన గొడవ ఇదే. ఎవరూ గొంతు పెంచక్కర్లేదు, ఆవిడ పెన్సిల్ తీసుకుని కింద ఒక గీత గీస్తే సరిపోతుంది.

ఇంకో రెండు నిబంధనలు కథకు పనికొస్తాయి. పేరు ఇచ్చి, గుర్రం కేటాయించాక వెళ్లకపోతే ఫీజు మాఫీ కాదు, జరిమానా కూడా పడుతుంది. దెబ్బ తగిలి వెళ్లలేకపోతే డాక్టరు కాగితం ఉండాలి. ఆ కాగితం ఇచ్చే డాక్టరు ఊరికే ఇవ్వడు, పరీక్షిస్తాడు. మనవాడు పరీక్షకు ఒప్పుకోడు, ఎందుకంటే ఏం బయటపడుతుందో అతనికి తెలుసు. ఇంకొకటి: పూర్తి ఎనిమిది సెకన్లు నిలిచినవాళ్లు తక్కువైతే మిగిలిన స్థానాల డబ్బు నిలిచినవాళ్లే పంచుకుంటారు. అందుకే వెనక నిలబడి ఎదుటివాడు పడాలని మనసులో కోరుకోవడం, పైకి మాత్రం వాడి జీను పట్టీ బిగించి పెట్టడం, రెండూ ఒకే మనిషి ఒకే నిమిషంలో చేస్తాడు.

జులై 4 చుట్టూ ఉండే వారాన్ని "కౌబాయ్ క్రిస్మస్" అంటారు. ఒకేసారి ఎన్నో రోడియోలు. వయోమింగ్‌లోని కోడీ, మోంటానాలోని రెడ్ లాడ్జ్, లివింగ్‌స్టన్ ఒకదానికొకటి కారు దూరంలో ఉంటాయి. కోడీ నుంచి రెడ్ లాడ్జ్ 60 మైళ్లే. మధ్యాహ్నం ఒక ఊళ్లో ఎక్కి, రాత్రికి ఇంకో ఊళ్లో ఎక్కడం మామూలు. సినిమా కాలవ్యవధిని ఈ నాలుగైదు రోజులకు కుదిస్తే స్క్రిప్టు దానంతటదే బిగుస్తుంది. ఏడాది పొడవునా సాగదీసిన రోడియో కథలు సగంలో చప్పబడటానికి కారణం రైడర్ కాదు, క్యాలెండరు.

ఇంట్లో ఎవరి ఖర్చు ఎంత

బ్రాంక్ రైడర్‌కి గుర్రం ఉండదు. పొగరుబోతు గుర్రాలను కాంట్రాక్టరు తెస్తాడు, ఏది ఎవరికన్నది చీటీ తేలుస్తుంది. రైడర్ తెచ్చుకునేది జీను, పగ్గం, స్పర్లు (బూటు మడమలకు కట్టుకునే ముళ్లు), ఒక సంచీ. అంటే ఇతని ఆట చౌక. అదే కూతురు బ్యారెల్ రేసింగ్ చేస్తోందనుకోండి, మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని దౌడు తీయించే పోటీ, ఒక పీపా పడితే అయిదు సెకన్లు పోతాయి. ఆ అమ్మాయికి సొంత గుర్రం కావాలి. గుర్రానికి ట్రైలర్ కావాలి. ట్రైలర్ తగిలిస్తే అదే పికప్ గ్యాలన్‌కు పది మైళ్లకు పడిపోతుంది. పోటీ ఉన్నా లేకపోయినా గుర్రం రోజూ తింటుంది, నాడాలు మార్చాలి, పళ్లు అరగదీయించాలి.

కాబట్టి ఈ ఇంట్లో అసలు ప్రశ్న "నాన్న ఎప్పుడు మానేస్తాడు" కాదు. నాన్న ఏడాది ఎంట్రీ ఫీజులు కలిపితే కూతురి గుర్రానికి ఎన్ని నెలల గ్రాసం అన్నది. కూతురు ఆ మాట ఎప్పటికీ అడగదు. మీరు రాసేదల్లా గడ్డి మోపుల గుట్ట సీను సీనుకీ తగ్గడమే.

భార్య పాత్రను స్టాండ్స్‌లో కూర్చోబెట్టి ఏడిపించకండి, దయచేసి. పల్లె అమెరికాలో ఇలాంటి ఇళ్లను చాలావరకు ఆవిడ ఉద్యోగమే నిలబెడుతుంది. స్కూలు జిల్లాలోనో, కౌంటీ ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో పని. జీతం కంటే దాంతో వచ్చే ఆరోగ్య బీమా ముఖ్యం. రైడర్ ఎవరి ఉద్యోగీ కాదు, అతనికి యజమాని ఇచ్చే బీమా లేదు. ప్రభుత్వ బీమా మెడికేర్ రావాలంటే మామూలుగా 65 ఏళ్లు రావాలి. విడాకుల మాట వచ్చిందంటే పక్కన బీమా కార్డు కూడా ఉందన్నమాట. ఇది తెలిసిన రచయిత రాసే విడాకుల సీను, తెలియని రచయిత రాసేదాని కంటే కనీసం రెండు పేజీలు చిన్నగా ఉంటుంది.

ఒళ్లు

పాత దెబ్బలన్నీ ఒక డైలాగులో జాబితా చదివించకండి. రెండే ఎంచుకోండి: ఒకటి బయటికి కనిపించేది, ఒకటి దాచేది. బ్రాంక్ రైడర్‌కి సాధారణంగా పోయేవి మోకాళ్లు, చీలమండలు, నడుము, గజ్జ కండరాలు, పగ్గం పట్టే చేతి భుజం. తలకు పదేపదే తగిలిన దెబ్బలు దాచేరకం.

ఎంచుకున్నాక అవి రోజువారీ పనుల్లో ఎక్కడ అడ్డమొస్తాయో రాసుకోండి. ఎడమ మోకాలు పోతే క్లచ్ తొక్కడం కష్టం, అందుకే కొడుకు నడుపుతానంటే వద్దంటాడు, రెండు రోజులకు మాట్లాడకుండా తాళాలు ఇచ్చేస్తాడు. భుజం పోతే చొక్కా వేసుకునేటప్పుడు ఆ చెయ్యి ముందు దూరుస్తాడు. తల దెబ్బలైతే ఫ్లోరసెంట్ లైటు కింద కళ్లు చిట్లిస్తాడు, కూతురు చెప్పిన ఊరి పేరు రెండోసారి అడుగుతాడు. సినిమా మొదట్లో కుడికాలు కుంటి, చివర్లో ఎడమకాలు కుంటిన హీరోలు తెరమీద బోలెడుమంది. ప్రతి సీను పైన మూలన "ఎ.మో." అని రాసుకుంటే ఈ తప్పు జరగదు.

చ్యూట్‌లో రెండు నిమిషాలు

రైడ్ కంటే ముందు జరిగే ఈ రెండు నిమిషాలే దగ్గరగా చూపించాల్సినవి. వరస ఇది.

గుర్రం ఇనుప గదిలో బిగుసుకుని నిలబడి ఉంటుంది. రైడర్ పైనుంచి జీను దింపుతాడు. ఈ జీనుకు ముందు కొమ్ము ఉండదు. కడుపు కింద వేలాడే పట్టీని అవతలి పక్కనుంచి పొడవాటి తీగ కొక్కెంతో అందుకుని లాగుతారు, చెయ్యి పెడితే నలిగిపోతుంది. గుర్రానికి నోట్లో కళ్లెం లేదు, తలకు తోలు తలకట్టు, దానికి ఒకే ఒక్క లావాటి జడ పగ్గం.

ఇప్పుడు కొలత. పగ్గాన్ని జీను ముందుభాగం మీదుగా లాగి పట్టుకుని, పిడికిలి పెట్టి, బొటనవేలు చాచి, ఎక్కడ పట్టుకోవాలో చూస్తాడు. గుర్రం గుర్రానికీ ఇది మారుతుంది. తల బాగా కిందికి వంచే గుర్రానికి ఇంకో రెండు వేళ్లు ఎక్కువ వదలాలి. తక్కువ వదిలితే గుర్రం తల దించినప్పుడు మనిషిని ముందుకు లాగి పడేస్తుంది. ఎక్కువ వదిలితే ఆధారం దొరక్క వెనక్కి పోతాడు. కొలత దొరికాక గుర్రం జూలులోంచి నాలుగు వెంట్రుకలు పీకి, పగ్గం జడలో ఆ చోట గుర్తుగా దోపుతాడు. ఆ నాలుగు వెంట్రుకల మీద క్లోజప్ పెట్టండి. ప్రేక్షకుడికి ఏమీ చెప్పక్కర్లేదు, తర్వాతి సారి చూసినప్పుడు తనే గుర్తుపడతాడు.

తర్వాత మెల్లగా జీనులోకి దిగుతాడు, రికాబుల్లో కాళ్లు పెడతాడు. బ్రాంక్ రైడర్ బూట్లు వదులుగా ఉంటాయి, రికాబులో కాలు చిక్కుకుంటే బూటు వదిలేసి బయటపడేందుకు. ఎద్దు ఎక్కేవాడు అదే బూటును తోలు పట్టీతో చీలమండకు బిగించుకుంటాడు. కాస్ట్యూమ్ విభాగం ఈ రెంటినీ కలిపేస్తుంది, చూసుకోండి. కాళ్లు ముందుకు, మడమలు గుర్రం భుజాలకు పైన. గడ్డం దించి, తల ఊపుతాడు. గేటు.

గుర్రం మొదటి గెంతు వేసి ముందుకాళ్లు నేలను తాకేదాకా ఆ మడమలు భుజాల పైనే ఉండాలి. లేకపోతే ఎనిమిది సెకన్లు నిలిచినా సున్నా. రికాబు జారినా, ఖాళీ చెయ్యి గుర్రాన్నో తననో జీనునో తాకినా సున్నా. ఓడిపోయే రైడ్ రాస్తున్నారా? కిందపడేయకండి. పూర్తిగా నిలిచి, జనం చప్పట్లు కొట్టి, అప్పుడు జడ్జి మడమ జారిందని చెప్పడం వయసు మీద పడ్డవాడికి ఎక్కువ నొప్పి. తను పడలేదు, కాలు ఆలస్యమైంది, అంతే.

డొక్క పట్టీ గురించి ఒక మాట. దాన్ని వృషణాలకు కడతారని ఇంటర్నెట్‌లో తిరిగే కబురు అబద్ధం. అది డొక్క చుట్టూ, వెనక కాళ్లకు ముందు బిగించే పట్టీ. గుర్రాలకు లోపల ఉన్ని లాంటి మెత్తటి అస్తరు ఉంటుంది, ఎద్దులకు నూలు తాడు. రైడ్ అయ్యాక గుర్రం మీద వచ్చే పికప్ రైడర్లు మనిషిని దించి, ఆ పట్టీ విప్పుతారు. పికప్ రైడర్లు లేకుండా బ్రాంక్ రైడ్ తీస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు.

మార్కులు, రీరైడ్

ఇద్దరు జడ్జీలు. ఒక్కొక్కరు రైడర్‌కి 25కు, జంతువుకు 25కు వేస్తారు, మొత్తం 100. ఎనభైల మధ్యలో వస్తే చాలా చోట్ల గెలుస్తారు. 97, 98 రాసి పారేయకండి. ప్రొఫెషనల్ ఎద్దు స్వారీలో నిండు 100 వచ్చింది ఒక్కసారే, 1991లో వేడ్ లెస్లీకి.

మార్కుల్లో సగం జంతువుది కావడమే ఈ ఆటలో గొప్ప నాటకం. చీటీలో చప్పటి గుర్రం వస్తే ఎంత బాగా ఎక్కినా మార్కులు రావు. అప్పుడు జడ్జి "రీరైడ్" ఇస్తానంటాడు: వచ్చిన మార్కులు వదిలేసి ఇంకో గుర్రం ఎక్కొచ్చు. నిర్ణయం అక్కడికక్కడే చెప్పాలి.

ఇప్పుడు మీ లెక్కల పుస్తకం తీయండి. మనవాడికి 71 వచ్చాయి: గుర్రానికి 34, అతనికి 37. ప్రస్తుతం ఆరో స్థానం, అంటే 300 డాలర్లు. ఇంకా అయిదుగురు మిగిలి ఉన్నారు, వాళ్లలో ఒక్కడు దాటినా అదీ పోతుంది. రీరైడ్ తీసుకుంటే 82 రావచ్చు, కాసేపట్లోనే అదే మోకాలితో ఇంకో గుర్రం ఎక్కాలి. ఆ గుర్రం పేరు వినగానే వెనక నిలబడ్డ కొడుకు మొహం మారుతుంది. ఆరో స్థానం 300కి, మోకాలికి మధ్య ఈ మనిషి ఎటు మొగ్గుతాడో మీరు రాయండి. క్లైమాక్స్ ఇక్కడ పెట్టుకోవచ్చు. విలన్ అక్కర్లేదు, వర్షం అక్కర్లేదు.

కాలం, నమ్మకాలు

కథ 1965కీ 1984కీ మధ్య జరిగితే నేషనల్ ఫైనల్స్ లాస్ వేగాస్‌లో కాదు, ఓక్లహోమా సిటీలో. ఎద్దు స్వారీలో రక్షణ కవచాలు వచ్చింది 1989లో వయోమింగ్‌లోని షయెన్‌లో లేన్ ఫ్రాస్ట్ అనే రైడర్ చనిపోయాక. దిగిన తర్వాత అతన్ని ఎద్దు వెనకనుంచి పొడిచింది. కాబట్టి 1982 కథలో కవచం కనిపించకూడదు. 1980ల్లో పోటీలకు పేర్లు నమోదు చేసుకున్నది ప్రొకామ్ అనే ఫోన్ వ్యవస్థ ద్వారా. సెల్ ఫోన్లకు ముందు అంటే రోడ్డు పక్క పేఫోన్, చేతిలో చిల్లర, వెనక వరసలో ఇంకో ముగ్గురు రైడర్లు.

నమ్మకాలు కావాలంటే: టోపీ మంచం మీద పెట్టరు. పసుపుపచ్చ బట్టలు వేసుకోరు. యాభై డాలర్ల నోటు దగ్గర ఉంచుకోరు. జేబులో చిల్లరతో ఎక్కరు, గెలిచేదీ అంతే అవుతుందని. ఒకటి తీసుకుని రెండుసార్లు వాడండి, మూడోసారి వద్దు. ఛాంపియన్‌కి బహుమతిగా వచ్చే బెల్టు బకిల్‌ని తాకట్టు కొట్లో పెట్టే సీను మాత్రం ఇక చాలు, ఆ కొట్లో ఇప్పటికే చాలా బకిళ్లున్నాయి.

తీసేటప్పుడు

జంతువు పది టేకులు ఇవ్వదు. రోజుకు ఒకసారి ఎక్కించే గుర్రాన్ని రెండోసారి తెస్తే గెంతదు, నడుస్తుంది. అందుకని ఒక్కో రైడ్‌కి కనీసం మూడు కెమెరాలు: చ్యూట్ వెనక పైనుంచి ఒకటి, స్టాండ్స్‌లో పొడవాటి లెన్స్‌తో ఒకటి, కంచె సందులోంచి నేలమట్టంలో ఒకటి. మీ నటుడి మొహం కావాల్సినచోట నాలుగు తాళ్లకు వేలాడదీసిన పీపా మీద జీను వేసి, నలుగురు మనుషులు తాళ్లు లాగుతుంటే తీయండి. లాగేవాళ్లలో ఒకరైనా రైడరై ఉండాలి, లేకపోతే లయ ఉయ్యాల లయ అవుతుంది.

సెకనుకు 120 ఫ్రేములతో తీసి 24తో చూపిస్తే ఎనిమిది సెకన్లు నలభై అవుతాయి. అందంగా ఉంటుంది, కానీ ఆట చచ్చిపోతుంది. సినిమాలో కనీసం ఒక రైడ్ కట్ లేకుండా, అసలు వేగంతో, ఎనిమిది సెకన్లే ఉంచండి. జనానికి అది ఎంత చిన్నదో, ఎంత పెద్దదో అప్పుడే తెలుస్తుంది.

స్టాండ్స్ నిండా జనాన్ని ఎక్కణ్ణుంచి తేవాలన్న సమస్యకు పాత పరిష్కారం ఒకటుంది. 1972లో వచ్చిన "జూనియర్ బానర్" సినిమాను సామ్ పెకిన్‌పా అరిజోనాలోని ప్రెస్కాట్‌లో, 1888 నుంచి జరుగుతున్న ఫ్రాంటియర్ డేస్ రోడియో 1971లో జరుగుతున్నప్పుడే తీశాడు. ఊరేగింపు, జనం, దుమ్ము అన్నీ నిజమైనవే. ఇప్పుడు అలా చేయాలంటే రోడియో కమిటీ, పశువుల కాంట్రాక్టరు, ప్రసార హక్కులున్నవాళ్లు, ముగ్గురి అనుమతీ ముందే కాగితం మీద ఉండాలి.

మాట

తెలుగులో రాస్తుంటే డబ్బింగ్ తెలుగు దొంగలా దూరుతుంది. "నువ్వు దీన్ని చేయగలవు నాన్నా, నాకు తెలుసు" అని ఏ కూతురూ అనదు. "మోకాలికి కట్టు కట్టుకున్నావా నాన్నా?" అంటుంది. చ్యూట్ మీద మాటలు ఇంకా తక్కువ: "లాగు." "ఇంకొంచెం." "చాలు, చాలు." రైడర్లు ఒకరి గుర్రం గురించి ఒకరు నిజమే చెప్పుకుంటారు, పోటీలో ఉన్నా సరే. ఎవరైనా "దీనికి పగ్గం ఎంత?" అని అడిగితే తెలిసినవాడు సరైన కొలతే చెప్తాడు. తప్పు చెప్పినవాణ్ణి మళ్లీ ఎవరూ అడగరు, ఎవరూ వాడికి చెప్పరు కూడా. కాబట్టి తండ్రి కొడుక్కి అసూయతో తప్పు కొలత చెప్పాడన్న మలుపు రాయకండి, మొత్తం కథ అక్కడే అబద్ధమైపోతుంది.

తండ్రి దగ్గర ఇరవై ఏళ్ల గుర్రాల పుస్తకం ఉంటుంది, ఖర్చుల పుస్తకానికి రెండోవైపు నుంచి రాసుకున్నది. ఏ గుర్రం ఎటు తిరుగుతుంది, తల ఎంత దించుతుంది, ఎన్ని వేళ్లు వదలాలి. పైన చెప్పిన రీరైడ్‌ని అతను వదిలేశాడనుకుందాం. మర్నాడు ఇంకో ఊళ్లో చీటీల్లో అదే గుర్రం కొడుక్కి పడింది. కొడుకు పగ్గం చేతిలో పట్టుకుని అడుగుతాడు:

"దీనికెంత నాన్నా?"

"పిడికిలీ బొటనవేలూ. ఇంకో రెండు వేళ్లు. కాదు, మూడు వదులు."

కొడుకు కొలుస్తాడు. తండ్రి వంగి, జూలులోంచి వెంట్రుకలు పీకి, తనే పగ్గం జడలో దోపుతాడు. కట్ గేటు తెరుచుకునే ముందు పెట్టండి.